తులసి తుపాకీ, రాయగడ బిళ్ళలు

కోరాపుట్,
9 జూలై 1961

మామయ్యకి,

తులసి రాస్తున్నది. ఇక్కడ నేను, నా గొడుగు, నా గది కప్పు ముగ్గురం తడిసే ఉన్నాం. అక్కడ నువ్వు, అత్తయ్య, గోదాములో చింతపండు పొడిగా ఉన్నారనుకుంటాను.

తక్కినది కూర్చుని చదువు. నాకొక తుపాకీ కావాలి.

ఎవరి మీదా కోపం లేదు. ఎవరూ నా వెంట పడడం లేదు. వేటకి వెళ్ళను, కోడిని కోస్తుంటే పెరట్లోంచి పారిపోయేది నేనేనని నీకు తెలుసు. ఇక్కడ ఆఫీసర్లు ఒక తుపాకీ క్లబ్బు పెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రాలు ఊరవతల మైదానంలో ఒక స్ప్రింగు మిషను మట్టి బిళ్ళల్ని గాలిలోకి విసురుతుంది. అరచేయంత బిళ్ళ, మూకుడు బోర్లించినట్టుంటుంది. అది ఎగురుతుండగా కొట్టాలి. పగిలితే గెలుపు. ఎవరూ చావరు, ఎవరూ తినరు.

హైస్కూల్లో ఆడపిల్లలకి భూగోళం చెప్పే ఆరు రోజులూ నన్ను పలకరించిన ప్రతి మనిషీ అడిగేది పెళ్ళెప్పుడనే. ఈ మధ్య పోస్టుమాను కూడా మొదలుపెట్టాడు. ఆ మైదానంలో మాత్రం "రెడీయా?" అని అడుగుతారు. ఆ ఒక్క గంట కోసం వారమంతా గడుపుతున్నాను మామయ్యా.

క్లబ్బు సెక్రటరీ రోడ్ల ఇంజనీరు ఢిల్లీశ్వరరావుగారు. నన్ను "పరీక్షార్థం" సభ్యురాలిగా చేర్చుకున్నారు. దసరా పోటీలో సొంత తుపాకీతో కొట్టి, మగవాళ్ళలో ఆఖరున వచ్చినవాడితో సమానంగానైనా నిలిస్తే ఖాయం చేస్తారు. లేకపోతే నా చోటు ఎక్సైజు ఆఫీసరు బావమరిదికి వెళుతుంది. "అప్పుడు మీరు టీ సంగతి చూసుకోవచ్చు" అన్నారు ఢిల్లీశ్వరరావుగారు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

ఇప్పటిదాకా ఆయన తుపాకీతోనే రెండు మూడు బిళ్ళలు పగలగొట్టాను. ఆయన తాటిచెట్టంత మనిషి, ఆ తుపాకీ ఆయనకి సరిపడా. నా భుజం వంకాయ రంగులో ఉంది.

నా దగ్గర రెండు నెలల జీతం ఉంది. నువ్వు కళ్ళు మూసుకుని చింతపండు నోట్లో వేసుకుని అది ఏ కొండదో చెప్పేస్తావు. తుపాకీని నోట్లో పెట్టుకోవద్దు గాని, మంచిది ఎంచిపెట్టు.

నీ మేనకోడలు,
రామతులసి

తా.క.: అమ్మకి తెలియనివ్వకు.

•

రాయగడ,
15 జూలై 1961

చి. తులసిని మామయ్య మన్మథరావు, అత్త సూర్యకాంతమ్మ దీవించి రాసేది. గోదాము పొడిగానే ఉంది. నీ ఉత్తరం చదివాక మేమే తడిశాం, చెమటతో.

నేను కూర్చునే చదివాను. అత్తయ్య నిలబడి విన్నది. "ఎగిరే మూకుణ్ణి కొట్టడానికి తుపాకీ ఏటి? ఆ పిల్ల ఇంట్లో సీపురు లేదేటి?" అన్నది.

అమ్మీ, సరుకు కొనేవాడు సరుకు వెనకాల మాట కూడా పసిగడతాడు. మట్టి బిళ్ళ కోసం రెండు నెలల జీతం ఎవరూ పెట్టరు. నిజం చెప్పు. చిరుతపులి తిరుగుతోందా? మీ స్కూలు ప్రహరీ పొట్టిదని నేను మొదటే అన్నాను. పిల్లలు భయపడతారని దాస్తున్నావు.

అందుకని గట్టి తుపాకీనే చూశాను. గుణుపురం దగ్గర ఒక పాత దివానుగారింట్లో అమ్మకానికి ఉంది. రెండు గొట్టాలు, మీద ఇత్తడి పువ్వులు. బండిలోకి ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఆ ధరకి అంత ఇనుము ఎక్కడా రాదు. కిందటిసారి పేలిస్తే వాళ్ళ మండువాలో సున్నం రాలిందట. చిరుత చావకపోయినా దానికి చెవుడు ఖాయం.

అక్కకి ఏమీ చెప్పలేదు. తులసి ఒక యంత్రం కొనుక్కుంటోంది అన్నాను. కుట్టుమిషను అనుకుని చాలా సంతోషించింది.

ఆ ఇంజనీరుగారికి పెళ్ళయిందో లేదో రాయగలవు. ఇది మీ అత్తయ్య ప్రశ్న.

తలుపు గడియ వేసుకుని పడుకో.

మన్మథరావు

•

కోరాపుట్,
20 జూలై 1961

మామయ్యకి,

చిరుతలు లేవు. ఉన్నా ఈ వానలో బయటికి రావు, వాటికి నాకంటే బుద్ధుంది. ఢిల్లీశ్వరరావుగారి పెద్ద కూతురు నాకంటే పెద్దది. అత్తయ్యని ఆశ వదులుకోమను.

దివానుగారి ఫిరంగి వద్దు. తుపాకీ బేరంలో తూకం పెరిగినకొద్దీ లాభం రాదు. మరీ బరువైతే నాలుగు బిళ్ళలకే చేతులు వణుకుతాయి. మరీ తేలికైతే పేలినప్పుడు వెనక్కి తన్ని భుజాన్ని చంపుతుంది. మధ్యరకం చూడు. బిళ్ళలు ఒక్కొక్కటే ఎగురుతాయి కాబట్టి నాకు గొట్టం ఒకటి చాలు, రెండో గొట్టానికి డబ్బు పోయొద్దు. ఇక్కడ దొరికే పన్నెండో నంబరు తోటాలు పట్టాలి. తుపాకీ చవగ్గా కొని తోటాలకి ఇల్లమ్ముకోలేను. పాతదైనా ఫరవాలేదు. గొట్టం మీద సొట్టలుండకూడదు, లోపల తుప్పు గుంటలుండకూడదు. వెలుతురుకి పెట్టి లోపలికి చూడు. తోటా లేదని చూసుకున్నాక చూడు.

అన్నిటికంటే ముఖ్యం వెనక కర్ర పొడవు. భుజానికి ఆనించి చెంప వాలిస్తే కన్ను తనంతట తానే గొట్టం వెంట పోవాలి. మెడ సాచవలసి వస్తే అది ఇంకొకరి తుపాకీ. నా మోచేతి మడత నుంచి వేలి దాకా కొలిచి, దారం తెంపి ఇందులో పెట్టాను. కర్ర అంత ఉండాలి. లైసెన్సు, నీ చేతికి ఇవ్వమని దుకాణదారుకి రాసిన చీటీ రిజిస్టరు పోస్టులో వస్తున్నాయి.

ఇంకొక పని. పరీక్షార్థం సభ్యులు తమ బిళ్ళలు తామే తెచ్చుకోవాలని కొత్తగా నియమం పెట్టారు. ఆ సభ్యురాలిని నేనొక్కతెనే. తక్కినవాళ్ళు కలకత్తా బిళ్ళలు వాడతారు, వాటిని కొనడం నా తరం కాదు. రాయగడ కుమ్మరుల చేత ఒక గంపెడు చేయించు. నమూనా పార్సిలు చేశాను.

మొండి మేనకోడలు,
తులసి

•

రాయగడ,
16 ఆగస్టు 1961

చి. తులసికి దీవెనలు.

ముందు దారం సంగతి. అది అత్తయ్య చేతిలో పడింది. జాకెట్టు చేతి కొలత అనుకుని దర్జీకి ఇచ్చేసింది. ఆ జాకెట్టు తుపాకీతో పాటే వస్తుంది. చేతులు మోచేయి దాటి బాగా దిగుతాయి. మీట లాగడానికి అడ్డమైతే మడుచుకో.

కొలత పోయింది గనక అత్తయ్యనే వెంటబెట్టుకుని బరంపురం వెళ్ళాను. మీరిద్దరూ ఒకే ఎత్తు, ఒకే చెయ్యి కదా. దుకాణదారు మర్యాదస్థుడు, ఆవిడకి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. మొదటిది భుజానికెత్తి "ఇది మెడ లాగతాది" అన్నది. రెండోది "సెంపకి గుచ్చుతాది" అన్నది. ఎత్తిన ప్రతిదాన్నీ అలవాటుగా నా వైపే తిప్పింది. దుకాణదారు బల్ల కిందకి వంగాడు. తుపాకీ ఖాళీదని అతనికి తెలుసు, మీ అత్తయ్యే కొత్త.

మూడోది ఎత్తింది. కప్పు మీద బల్లి పోతుంటే ఈ చివర నుంచి ఆ చివరకి దాని వెంటే గొట్టం తిప్పింది. "ఇదీ. దానంతటదే సూస్తాది" అన్నది. బీహారులో చేసినది, ఒంటి గొట్టం, కాస్త వాడినది. లోపలికి చూశాను, అద్దంలా ఉంది. మిగిలిన డబ్బుకి తోటాలు కొన్నాను. రైల్లో మీ అత్తయ్య సాలూరు కొండలు దాటేదాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

నీ నమూనా బిళ్ళ ముక్కలై చేరింది. కలకత్తా వాళ్ళు మిమ్మల్ని మోసం చేస్తున్నారు తల్లీ. రాయగడ పోస్టాఫీసు దాకా రాలేని సరుకు ఆకాశంలోకి ఏం వెళుతుంది? పెద్దబ్బాయి అనే కుమ్మరి ఆ ముక్కలు చూసి, "ఇది అప్పడం బాబూ. దీన్ని సేసినోడు సిగ్గుపడాల" అన్నాడు. మనవి ఇడ్లీ మందం చేయించాను. ఆవంలో పెట్టి రెండు కాల్పులు. నేనే పీట వేసుకుని ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి విన్నాను. ఖంగుమన్నవే ఉంచాను. డబ్బుమన్నవి తీసేశాను, అత్తయ్య వాటిని ఊరగాయ జాడీల మీద మూతలు వేసుకుంది. నీకు వచ్చే గంపలో ఒక్క నాసి బిళ్ళ ఉంటే నన్ను అడుగు.

అన్నీ గుమస్తా కన్నారావు తెస్తాడు. తుపాకీని చాపలో చుట్టాను.

మన్మథరావు

•

కోరాపుట్,
10 సెప్టెంబరు 1961

మామయ్యకి,

కన్నారావు చాపలో చుట్టినా గొట్టం కొస బయటికి కనిపించిందట. లక్ష్మీపూర్ నుంచి ఇక్కడి దాకా బస్సులో ఎవరూ అతన్ని జరగమనలేదు. కండక్టరు కిటికీ పక్క సీటు ఇచ్చి "ఆజ్ఞా" అని ఒరియాలో అయ్యగారన్నట్టు పిలిచాడట. మళ్ళీ ఎప్పుడు పంపుతావని అడుగుతున్నాడు.

తుపాకీని చూసి ముద్దొచ్చింది. భుజానికి తగిలిన తీరు చూసి అత్తయ్యని ముద్దు పెట్టుకోవాలనిపించింది. కాని మామయ్యా, ఏదో తేడాగా ఉంది. అది వచ్చినప్పటి నుంచి ఒక్క బిళ్ళ పగలలేదు.

ఒక్కటంటే ఒక్కటి. నేను పేలుస్తాను, బిళ్ళ తనదారిన తాను పోయి గడ్డిలో దిగుతుంది. వెళ్ళి ఏరుకొస్తాను, మళ్ళీ విసురుతాం. ఇన్నాళ్ళూ అదే గంప. బిళ్ళల బరువుకి మిషను స్ప్రింగు మూలుగుతోంది. పేల్చినప్పుడల్లా ఎక్కడో గంట మోగినట్టుంటుంది. కొండ కింద ఆవులు మేస్తుంటాయి, వాటి మెడగంటలు కాబోలు.

ఢిల్లీశ్వరరావుగారి తుపాకీతో పగిలినవి నా తుపాకీతో ఎందుకు పగలవు? ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మొక్కజొన్న చేలో చిలకల్ని తోలడానికి బాగుంటుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే ఏడుస్తానని. ఎక్సైజు బావమరిది అప్పుడే వచ్చి నా కుర్చీలో కూర్చుంటున్నాడు.

చవకలో తప్పు చేశామేమో. దుకాణదారు వెనక్కి తీసుకుంటాడా? దసరా దగ్గరపడుతోంది.

తులసి

•

రాయగడ,
17 సెప్టెంబరు 1961

చి. తులసికి,

నీ ఉత్తరం చదివి అత్తయ్య అన్నం మానేసింది. "నాను సూసిన తుపాకీ తప్పుతాదేటి? దాన్కి దిష్టి తగిలినాది" అంటోంది. ఉప్పు, ఎండుమిరపకాయలు పొట్లం కట్టి పంపుతున్నాం. గొట్టం చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పులో వెయ్యి. మిరపకాయలు తుపాకీలో వెయ్యకు, కన్నారావు ఆ అనుమానం వెలిబుచ్చాడు.

బరంపురం దుకాణదారుకి కబురు చేశాను. తుపాకీలో దోషం ఉండదని ఒట్టేశాడు.

నీ బాధలో కూడా నాకొక సంతోషం కలిగింది, దాచను. ఇన్నాళ్ళూ అదే గంప వాడుతున్నావన్నమాట. అన్నిసార్లు ఎగిరి, అన్నిసార్లు నేలకి పడి, ఒక్కటీ పగలలేదన్నమాట. ఆ వాక్యం పెద్దబ్బాయికి రెండుసార్లు చదివి వినిపించాను. వాళ్ళమ్మని పిలుచుకొచ్చి మూడోసారి చదివించాడు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరుకంటే అదీ.

మన్మథరావు

•

కోరాపుట్,
21 సెప్టెంబరు 1961

మామయ్యా,

నీ ఉత్తరం చదివి లేచి, ఒక బిళ్ళ తీసి గడప మీద పెట్టి ఇంటావిడ రోకలితో పొడిచాను. రోకలి ఎగిరింది. బిళ్ళ అలాగే ఉంది.

దీపం దగ్గర పెట్టి చూశాను. ఒంటినిండా బూడిదరంగు చుక్కలు, నా తోటాల్లోంచి వెళ్ళిన సీసపు రవ్వల మచ్చలు. గంపలో బిళ్ళ బిళ్ళకీ ఉన్నాయి. అంటే నేను కొడుతూనే ఉన్నాను. మోగినవి ఆవులు కావు మామయ్యా, నీ బిళ్ళలు.

అవి పగలాలి. పగలడానికే చేస్తారు. పగిలిన ముక్క కంటికి కనిపిస్తేనే లెక్క. నువ్వు ఏరి పారేసినవే నాకు కావలసినవి. ఆ మూతలు ఊరగాయల మీంచి తీసి పంపు. పెద్దబ్బాయి చేత పల్చగా, సగం కాల్చి, ఎంత నాసిగా చెయ్యగలిగితే అంత నాసిగా ఒక గంప చేయించు. వెంటనే.

తులసి

•

రాయగడ,
30 సెప్టెంబరు 1961

చి. తులసికి,

ఏమని రాయను. మూతల్లో ఒక్కటీ మిగల్లేదు. మన పిల్లి జాడీల మీంచి దూకినప్పుడు పోయాయి, దానికి తుపాకీ కూడా అక్కర్లేకపోయింది.

పెద్దబ్బాయి దగ్గరికి వెళ్ళాను. నాసిగా చెయ్యమని అడగడానికి నోరు రాక కుండలు బేరం చేసి వచ్చేశాను. ఇప్పుడు మనింట్లో అవసరానికి మించి కుండలున్నాయి. మర్నాడు అత్తయ్య తిట్టి పంపితే వెళ్ళి చెప్పాను. అతను తిరుగుతున్న సారె ఆపేశాడు.

"పగలాలా?"

"పగలాలి."

"కొనుక్కుని మరీ పగలగొట్టుకుంటారా?"

"ఆఫీసర్లు పెద్దబ్బాయీ, వాళ్ళ సరదా."

"నా సేత్తో పచ్చి సరుకు సెయ్యను బాబూ. రేపు సంతలో నా కుండ ఎవుడు కొంతాడు? మీరు పుచ్చిన సింతపండు పంపుతారేటి?"

నేను పంపను. అది అతనికి తెలుసు. తక్కిన కుమ్మరులు దసరా ప్రమిదల పనిలో ఉన్నారు. కోపం తెచ్చుకోకు తల్లీ. ఒకవేళ టీ సంగతి చూడవలసి వస్తే మంచి టీపొడి పంపుతాను.

మన్మథరావు

•

కోరాపుట్,
5 అక్టోబరు 1961

మామయ్యకి,

ఆ టీపొడి మాట చదివి నీ ఉత్తరం చింపి, మళ్ళీ అతికించాను. పెద్దబ్బాయి పరువు కాపాడావు, నా పరువు ఏమైనా ఫరవాలేదు కదా అని నాలుగు పేజీలు రాశాను. అవి పంపడం లేదు. అతను అన్నది న్యాయం. నా దుఃఖం కూడా న్యాయమే. ఆ గంట పోతే నాకు ఈ ఊళ్ళో మిగిలేది పోస్టుమాను.

అందుకని ఒక పని చేశాను. పోటీకి ముఖ్య అతిథిగా కటకం నుంచి కుటీర పరిశ్రమల పెద్ద ఆఫీసరు వస్తున్నారు. నిన్న క్లబ్బు మీటింగులో లేచి, "అటువంటివారి ఎదుట కలకత్తా సరుకు పేలుస్తారా? మన జిల్లా కుమ్మరి చేసిన బిళ్ళలు ఉండగా?" అన్నాను. పోటీలో అందరూ ఒకే బిళ్ళలు కొట్టాలని కూడా అన్నాను. ఢిల్లీశ్వరరావుగారు మీసం దువ్వుకుని, "మాకు ఏ మట్టయితే ఏమిటి" అన్నారు. అది మినిట్సులో రాయించాను.

ఖంగుమన్నవే పంపు. రెండు గంపలు.

తులసి

•

కోరాపుట్,
20 అక్టోబరు 1961

మామయ్యకి, అత్తయ్యకి, పక్కన పెద్దబ్బాయి ఉంటే అతనికి,

నిన్న విజయదశమి. తుపాకులన్నీ వరసగా పెట్టి కుంకుమ బొట్లు పెట్టారు. ముఖ్య అతిథి బిళ్ళని చేతిలో తిప్పి చూసి "భల, భల" అని ఒరియాలో మెచ్చుకున్నారు.

మొదట ఢిల్లీశ్వరరావుగారు. పేల్చారు. ఖంగుమంది. బిళ్ళ ఏమీ ఎరగనట్టు వెళ్ళి గడ్డిలో కూర్చుంది. ఆయన తుపాకీ వైపు చూశారు. మళ్ళీ పేల్చారు. మళ్ళీ ఖంగు. డాక్టరుగారు, ఫారెస్టాయన, ఎక్సైజాయన ఒకరి తరవాత ఒకరు. మైదానమంతా గుళ్ళో హారతి వేళలా మోగిపోయింది. ఒక బిళ్ళ దారి తప్పి ముఖ్య అతిథి జీపు మీద పడింది. జీపుకి సొట్ట పడింది. బిళ్ళకి ఏమీ కాలేదు. ఆయన దాన్ని తుడిచి జేబులో వేసుకున్నారు.

నా వంతు వచ్చేసరికి మగవాళ్ళందరిదీ సున్నా. నేను ఊరుకున్నా సమానమే. ఖాయమే. ఆ మాట తెలిసి కూడా తోటా పెట్టాను. సమానం నాకు చాలలేదు మామయ్యా.

వాళ్ళంతా బిళ్ళ బాగా ఎగిరి, దూరం పోయాక పేలుస్తారు. అక్కడికి రవ్వలు చెదిరిపోయి, అలిసిపోయి చేరతాయి. నెల రోజులు అదే తప్పు చేశాను. అది తెలిశాక పది రోజులు మిషను నోటి వైపే చూస్తూ ఎత్తడం సాధన చేశాను. నిన్న తొమ్మిది ఖంగుమన్నాయి. పదోది బయటపడీ పడకముందే అందుకున్నాను. చప్పుడు వేరేగా వచ్చింది.

బైనాకులర్సు పట్టుకున్న డాక్టరుగారు ముక్క కనిపించిందన్నారు. ఎక్సైజాయన కనిపించలేదన్నాడు. ఢిల్లీశ్వరరావుగారు గడ్డిలో మోకాళ్ళ మీద వెతికారు. చాలాసేపటికి లేచి, వేలి గోరంత పెంకు అరచేతిలో పెట్టుకుని వచ్చి నాకు చూపించారు. "పగిలిందమ్మా" అన్నారు. చిలకల మాట ఎత్తలేదు.

నా పేరు సిరాతో రాశారు. టీ ఎక్సైజాయన బావమరిది పోశాడు. పంచదార తక్కువైంది, చెప్పాను.

తులసి, సభ్యురాలు

•

రాయగడ,
26 అక్టోబరు 1961

చి. తులసికి దీవెనలు.

నీ ఉత్తరం గోదాము ముందు నిలబడి గట్టిగా చదివాను. అత్తయ్య వీధిలో అందరికీ బెల్లం పంచింది. కుట్టుమిషను బాగా పనిచేస్తోందని అక్కకి రాశాను, ఈ అబద్ధాన్ని ఇకమీదట నువ్వే మోయాలి.

పెద్దబ్బాయికి మాత్రం బెల్లం దిగలేదు. జీపు దాకా నవ్వుతూ విన్నాడు. గోరంత పెంకు దగ్గర మొహం మారిపోయింది.

"ఎక్కడ పగిలినాది? అంచునా, నడుమనా?"

"అంచున కాబోలు" అన్నాను.

"దూరమెంత?"

"దగ్గర్నుంచే. తెలివిగా కొట్టింది."

"అంచు కాడ మట్టి పల్సబడినాది. తప్పు నాదే" అన్నాడు. ఆ పెంకు పంపమన్నాడు, చూసుకుంటాడట. నిన్నటి నుంచి సారె దగ్గరే ఉన్నాడు. ఈసారి అంచు చుట్టూ కట్టు పోస్తున్నాడు, మూడో కాల్పు వేస్తాడట. ఒక గంప నీకు ఊరికే ఇస్తానన్నాడు. "ఈపాలి ఆ అమ్మి వల్ల కాదని రాయండి బాబూ" అన్నాడు. రాశాను.

పొద్దున దేవుడి ముందు నిలబడ్డాను. పగలాలని మొక్కుకుంటే నేను పంపే సరుకు నాసి అవుతుంది. పగలకూడదని మొక్కుకుంటే నా మేనకోడలు ఓడిపోతుంది. చేతులు జోడించి, ఏమీ అడక్కుండా వచ్చేశాను.

బిళ్ళలు సోమవారం బస్సుకి వస్తాయి. అన్నీ నేనే కొట్టి విన్నాను.

మన్మథరావు